బండి పెట్టె కోసం ప్రార్థన

మట్టికి ఊపిరి పోసినవాడు, ఆ ఊపిరిని ఎప్పుడు వెనక్కి పిలవాలో ఎరిగినవాడు అయిన తండ్రికి స్తోత్రం. తెరిచిన చెయ్యి ఆయనదే, మూసుకున్న చెయ్యీ ఆయనదే. రెంటికీ స్తోత్రమే. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు. గుండె నిండినప్పుడు స్తుతించడం ఎవరికైనా వస్తుంది, ఎండిపోయినప్పుడు కూడా నాలుకకు ఆ అలవాటు తప్పకూడదని చిన్నప్పుడు ఆదివారపు బడిలో నాకు నేర్పారు. తర్వాత నేనూ అదే బడిలో పిల్లలకు నేర్పాను. ఈ రోజు ఆ అలవాటు మీదే రాస్తున్నాను.

మొన్న మా అన్నను మట్టి చేసి వచ్చాం. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. మా సంఘంలో పెద్దవాళ్లు అన్నలు, వాళ్ల ఇల్లాళ్లు వదినలు. జూలూరుపాడు దాటాక రోడ్డు వదిలి అడవి వైపు మళ్లితే మా ఊరు. మా ఇంటికీ ఆయన ఇంటికీ నడుమ ఒక వెదురు దడి ఉంది. ఆ దడి మీదుగా కూర గిన్నెలు వచ్చేవి, తిట్లు వచ్చేవి, పాటలు వచ్చేవి. ఇప్పుడు ఆ వైపు నుంచి ఏదీ రాదు.

ఆయన బొగ్గు గనుల్లో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరైనవాడు. ఆదివారం మందిరానికి కూడా ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు. జేబులో పెన్ను పక్కన టెస్టరు. బైబిలు మరిచిపోయి వచ్చిన ఆదివారాలు ఉన్నాయి గానీ టెస్టరు మరిచిన ఆదివారం లేదు. అందరం కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆయన ఒక కన్ను తెరిచి పైన ఫ్యాను వైపు చూసేవాడు. ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు.

"ఒక కన్ను దేవునికి, ఒక కన్ను వైరింగుకు. మందిరం కాలిపోతే ప్రార్థన ఏడ చేస్తరు చెల్లె?"

వినయం ఆయనకు పడేది కాదు. పక్కవాళ్లు ఏదైనా సలహా ఇస్తే "తెలిసినోనికి తెలుస్తది" అని ఒక మాట అనేవాడు. దాంతో అవతలివాడి నోరు మూతపడేది. ఏ యంత్రం మొరాయించినా వేలి కణుపుతో దాన్ని రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టి, చెయ్యెత్తి మనల్ని ఆపేవాడు: "ఆగు. అది ఆలోచిస్తున్నది." మందిరంలో మైకు ఆగితే అదే మాట. మిక్సీ ఆగితే అదే మాట. ఒకసారి మా పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో మాట తోచక నిలబడిపోతే వెనక వరసలోంచి గట్టిగా అన్నాడు: "ఆగుండ్రి, అయ్యగారు ఆలోచిస్తున్నడు." సంఘమంతా నవ్వింది. అయ్యగారూ నవ్వారు.

ఆ మాట అన్నిటికన్నా ఎక్కువగా పడింది ఆయన కారు మీద. వంకాయ రంగు విదేశీ కారు, ఎండకు వెలిసి పాత చీర రంగైంది. గనుల దగ్గర పనులు పట్టిన ఒక కాంట్రాక్టరు ఎక్కడి నుంచో తెచ్చుకుని, అది మొండికేసేసరికి వదిలేసి పోయిన బండి. ఈయన దాన్ని ఇంటికి తోలుకొచ్చాడు. "టర్బో" అనేవాడు, ఆ మాట అనేటప్పుడు ఛాతీ ముందుకొచ్చేది. ఇంజను వదిలిన పొగతోనే ఒక చిన్న పంకా తిరిగి, బయటి గాలిని ఒత్తి మళ్లీ ఇంజనుకే తాగిస్తుందట. గట్టిగా తొక్కితే కుక్కరు కూత వెయ్యబోయే ముందు తీసే సన్నని రాగం లాంటిది వచ్చేది. ఆ రాగానికి పోడు చేలల్లో వంగి ఉన్నవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు.

ఈ వయసులో ఈ సోకేమిటని నవ్వినవాళ్లు ఉన్నారు. వదినకు మూత్రపిండాలు చెడిపోయిన తర్వాత ఎవరూ నవ్వలేదు.

వారానికి రెండుసార్లు ఆమె ఖమ్మం దవాఖానాకు పోయి రక్తం కడిగించుకోవాలి. దగ్గర్లో మిషను ఖాళీ లేదు, ఖమ్మంలోనే వరస దొరికింది. పొద్దున పోయేటప్పుడు ఎలాగో కూర్చునేది. తిరిగి వచ్చేటప్పుడు ఆమెలో ఏమీ మిగిలేది కాదు. బస్సులో వాంతులు. కిరాయి బండ్లవాళ్లు పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో కూలీలను ఎక్కించుకుని పోతారు, పిలిస్తే పలకరు. ఈ కారులో మాత్రం ముందు సీటు మంచంలా వెనక్కి వాలేది. వదిన దాని మీద ఒరిగి, చెంగు మొహం మీద కప్పుకుని, ఊరు వచ్చేదాకా పడుకునేది. అంటే ఆ బండి నడిస్తేనే ఆమె ప్రాణం నడిచేది.

బండికి వయసైపోయింది. ఇంజనుకు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పు పెట్టాలో చెప్పే కంప్యూటరు ఒకటి ముందు సీటు కాళ్ల దగ్గర, టిఫిను డబ్బా కన్నా కొంచెం పెద్ద పెట్టెలో ఉండేది. అది వేడెక్కితే దానికి మతి పోయేది. పోతున్న బండి ఉన్నట్టుండి దగ్గి, కుంటి, రోడ్డు పక్కన ఆగేది. చల్లబడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేచేది. ఒకసారి నేనూ వాళ్లతో ఖమ్మం పోయి వస్తుంటే ఏన్కూరు దగ్గర అలాగే ఆగింది. అన్న దిగాడు. మొదట ఆమె మొహం మీది చెంగు తొలగించి చూశాడు. తర్వాత సీసాలో నీళ్లతో తువ్వాల తడిపి పెట్టె మీద పరిచాడు.

"ఆగు. అది ఆలోచిస్తున్నది."

వదిన కళ్లు తెరవకుండానే అంది: "నాకు జ్వరమొస్తే గిట్ల తడిగుడ్డ ఎన్నడన్న ఏసినవా?"

"నువ్వు ఆగిపోతలేవు గద. నోరు నడుస్తనే ఉన్నది."

"అవ్, నేను ఆగితే గప్పుడు తెలుస్తది."

ఇలాంటి మాటలు వాళ్ల మధ్య ఎన్నో. అప్పుడు మేం ముగ్గురం నవ్వాం.

పెట్టెను తానే బాగు చేస్తానన్నాడు. ఖమ్మంలో ఎవరికైనా చూపించమని వదిన అంటే "తెలిసినోనికి తెలుస్తది" అన్నాడు. వసారాలో చాప పరిచి దాని మూత విప్పాడు. విప్పగానే ఎండుచేపల వాసన కొట్టింది. లోపలి చిన్న చిన్న గొట్టాల్లోంచి రసం కారి సర్క్యూట్ పలకంతా తినేసిందట. ఆ వాసనకు మా పిల్లి దడి దూకి వచ్చి చాప పక్కన కూర్చుంది. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. అన్న నవ్వలేదు. గనుల్లో లావుపాటి తీగలు అతికిన చెయ్యి ఆయనది. ఆ చేతికి అలవాటైన లావు టంకం కడ్డీతోనే వెంట్రుకంత దారులున్న పలకను అతకబోయాడు. కాసేపటికి రాగి దారులు పొరలు పొరలుగా లేచొచ్చాయి. ఆయన మూత మళ్లీ పెట్టి మరలు బిగించాడు. ఆలోచిస్తున్నదని అనలేదు.

అప్పటిదాకా ఆగి ఆగి నడిచిన బండి ఆ రోజుతో పూర్తిగా నిలిచిపోయింది. వదిన బస్సు ఎక్కింది. ఒకసారి బస్సు రాక ఆమె వరస తప్పింది. తర్వాతి రోజుకు పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. అన్న ఆ పాదాల వైపు చూసేవాడు కాదు. చూపు తప్పించి దడి వైపు చూసేవాడు.

చివరికి ఖమ్మంలో కార్ల వైరింగు చేసే ఒకతని దగ్గరికి పోయాడు. అతను పలకను అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడట: "కాకా, దీంట్ల పానం లేదు. ఇసొంటిది ఇప్పుడు ఏడ దొరకదు. కొత్త రకం పెట్టె బొంబాయి నుంచి తెప్పిద్దాం. కాకపోతే అది పసిపిల్ల. దానికేం తెల్వదు. మీ ఇంజను ఎట్లుంటదో, ఎప్పుడు ఎంత తాగుతదో అన్నీ మనమే నేర్పాలె."

ఆ పెట్టె రావడానికి పత్తి కాలం గడిచి మిర్చి కాలం వచ్చింది.

ఇక్కడ మా సంఘపు కట్టుబాటు ఒకటి చెప్పాలి. శుక్రవారం కూడికలో ఒక్కో ఇల్లు ఒక ప్రార్థన అంశం చెప్పుకుంటుంది, సంఘమంతా దాని కోసం మోకాళ్ల మీద ఉంటుంది. ఒకప్పుడు ఒక్కొక్కరు బర్రె దగ్గర నుంచి బావి మోటరు దాకా అన్నీ చెప్పేవాళ్లు, కూడిక తెమిలేది కాదు. అందుకని అయ్యగారు ఇంటికి ఒకటే అంశమని పెట్టారు. అన్నింట్లో పెద్దది ఏదో ఇంట్లోనే కూర్చుని తేల్చుకుని రమ్మన్నారు. జబ్బు బయటపడ్డప్పటి నుంచి వాళ్ల ఇంటి అంశం వదిన మూత్రపిండాలే. ప్రతి శుక్రవారం అదే.

పెట్టె ఇంకా రాని ఒక శుక్రవారం దడి అవతల వాళ్ల వాదన నాకు వినబడింది.

"ఇయ్యాల బండి పెట్టె గురించి చెప్పు," అంది వదిన.

"పిచ్చిగాని లేసిందా? నీ పానం గురించి చెప్పకుంట బండి గురించి చెప్పాల్నా?"

"నా కిడ్నీల ముచ్చట చెప్పీ చెప్పీ దేవునికే యాష్టకొచ్చింది. పెద్దది అడిగితే ఇస్తలేడు. చిన్నది అడుగు, ఇస్తడేమో. బండి నడిస్తే నేను ఖమ్మం పోత. ఖమ్మం పోతే బతుకుత. రెండూ ఒకటే గదా."

ఆయన కూడికలో లేచి నిలబడి, "మా ఇంటి అంశం మారింది అయ్యగారు. బండి పెట్టె రావాలె, బండి ఎక్కడ ఆగకుంట నడవాలె," అన్నాడు.

మా దగ్గర శవాన్ని పెట్టి పూడ్చేదాన్నీ పెట్టె అనే అంటారు. ఆ రోజు ఆలస్యంగా వచ్చిన ఒక ముసలవ్వకు చెవులు అంతంత మాత్రం. వదిన వాచిన మొహం చూసి ఆమె ఏమనుకుందో, మోకరించి ఏడుస్తూ ఎత్తుకుంది: "అయ్యా, నా బిడ్డకు పెట్టె అడుగుతున్నరు, మంచి పెట్టె ఇయ్యి తండ్రీ, జల్దీ ఇయ్యి." కూడికంతా బిగుసుకుపోయింది. అందరికన్నా ముందు నవ్వింది వదినే. పైట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఆ తర్వాత వారం వారం ఆమెకు అదొక పరాచికం.

"నా పెట్టె ముందొస్తదా నీ బండి పెట్టె ముందొస్తదా, పందెం కాద్దామా?"

"నోర్ముయ్," అనేవాడు అన్న.

బండి పెట్టే ముందొచ్చింది. ఖమ్మం అతను వచ్చి వసారా ముందు చింపిరి గుడ్డ పరుచుకుని, ఒక్కో తీగా విప్పి, ఒక్కో తీగా కొత్తదానికి కలిపాడు. అన్న పక్కన కూర్చుని ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆయన్ను అలా చూడడం నాకు అదే మొదలు. మొదటి పాఠాలు నేర్పి, మిగిలినవి రోడ్డు మీదే నేర్పాలని, ల్యాప్‌టాప్ ఇచ్చి, ఎలా నేర్పాలో చెప్పి అతను వెళ్లాడు. నడిపే మనిషి ఒకరు కావాలి, తెర చూసి చెప్పే మనిషి ఒకరు కావాలి. తెర మీద పచ్చగా ఉంటే ఇంజను సరిగా తాగుతున్నట్టు, ఎర్రగైతే లెక్క తప్పినట్టు.

"నేను చూస్తా," అంది వదిన.

"నీకేం తెలుస్తది?"

"పచ్చ, ఎరుపు తెల్వదా నాకు? గడప మీద పసుపు, పొలంల పచ్చ, నీ కండ్లు ఎరుపు. అన్నీ చూసినదాన్నే."

నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నారు. ఆమె ఒడిలో ల్యాప్‌టాప్. రక్తం తీసే దారి కోసం కోసి కుట్టిన ఎడమ చేతిని జాగ్రత్తగా పక్కకు పెట్టుకుని, కుడి చేతి వేలు తెర మీద ఆనించి, మందిరంలో కీర్తన చదివినట్టు రాగం తీసింది.

"పచ్చ... పచ్చ... పచ్చనే ఉన్నది... నెమలి!"

"నెమలేంది?"

"రోడ్డు మీద నెమలయ్యా, ముందట చూడు! ఆ, పోయింది. పచ్చ... ఎర్రగైంది, ఎర్రగైంది, ఆపు!"

ఆయన ఆపి, తెర తన వైపు తిప్పుకుని, ఏదో అంకె మార్చి, మళ్లీ కదిలించేవాడు. ఎర్రగా అయిన చోట మళ్లీ పచ్చ. అడవి చివరి ఎత్తు దగ్గర గట్టిగా తొక్కమంది. తొక్కాడు. ఎన్నాళ్లుగానో పోయిన ఆ సన్నని రాగం లేచింది. బండి మమ్మల్ని సీట్లకు అదిమి పట్టింది. "పచ్చ!" అని ఆమె అరిచిన అరుపు, దేవుడు నన్ను క్షమించు గాక, నేను విన్న ఏ హల్లెలూయ కన్నా గట్టిగా ఉంది. ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. "ఏడవకు," అంది ఆమె, "పెట్టెల నీళ్లు పడతయ్."

తర్వాతి ఆదివారం ఆయన సాక్ష్యం చెప్పాడు. అడిగినది అడిగినట్టు దేవుడు ఇచ్చాడన్నాడు. సంఘం చప్పట్లు కొట్టింది. మేం ఆ రోజు ఎంత ఆనందించామో రాయడానికి ఇప్పుడు నాకు భయమేస్తుంది.

కొన్ని వారాలు బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ మధ్యాహ్నం నేను మిరపకాయలు ఆరబోస్తున్నాను. కారు వచ్చిన చప్పుడు కూడా సరిగా తెలియలేదు, అంత మెత్తగా వచ్చి వాళ్ల గేటు ముందు నిలిచింది. గేటు తియ్యడానికి నేను లేచి పోయాను. అన్న అద్దం దించి, పెదాల మీద వేలు పెట్టి, గుసగుసగా అన్నాడు:

"మెల్లగ. నిద్రపోతున్నది. చూసినవా చెల్లె, ఖమ్మంల ఎక్కినప్పటి సంది ఒక్క కుదుపు లేదు. వైరా, తల్లాడ, ఏన్కూరు, ఏడ ఆగలే. కన్ను గూడ తెరవలే."

ఆయన మొహం వెలిగిపోతోంది. నేను అవతలి తలుపు తీసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి అప్పటికే చల్లగా ఉంది.

దవాఖానాలో రక్తం కడిగాక గుండె బలహీనపడి ఒక్కోసారి అలా అవుతుందని డాక్టర్లు తర్వాత చెప్పారు. ఎవరి తప్పూ లేదన్నారు. ఎక్కడ అయిందో ఎవరూ చెప్పలేకపోయారు. తల్లాడకు ముందో, తర్వాతో. ఆమెను నిద్ర లేపకూడదని ఆయన గుంతలు తప్పించుకుంటూ, బ్రేకు కూడా మెల్లగా వేస్తూ, అంత దూరం నడుపుకుంటూ వచ్చాడు.

సమాధి దగ్గర ఆయన ఏడవలేదు. దినం ప్రార్థన రోజున అందరూ లేచిపోయాక నాతో అన్నాడు:

"పాతది ఉంటే ఏన్కూరు కాడ ఆగేది చెల్లె. ఆగితే దిగేటోణ్ని. దిగితే మొహం మీది చెంగు తీసి చూసేటోణ్ని గదా. ఎప్పుడు ఆగినా గదే మొదలు చేసేటోణ్ని."

నేను లేచి చాపలు మడిచి గోడకు ఆనించాను.

ఆ తర్వాత ఆయన శుక్రవారం కూడికలకు వచ్చేవాడు, వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అయ్యగారు ఒక్కో ఇంటినీ అడుగుతూ ఆయన దాకా వచ్చి "అన్నా, మీ ఇంటి అంశం?" అంటే, "ఏం లేదయ్యగారు," అనేవాడు. ప్రతి శుక్రవారం అదే. పాటకు పెదాలు కదిలేవి కావు. ప్రార్థనలో రెండు కళ్లూ తెరిచే ఉంచేవాడు, ఫ్యాను వైపు కూడా చూసేవాడు కాదు. దేవుని చిత్తం అన్నా అని ఒకరు ఓదార్చబోతే, "చిత్తం ఆయనదే. అడిగిన నోరు నాది," అన్నాడు. ఒక శుక్రవారం కూడికలోనే అయ్యగారు ఆయనతో చాలా మాట్లాడారు. అడిగినదానికీ జరిగినదానికీ సంబంధం లేదని, తండ్రి బిడ్డలతో అలా లెక్క తేల్చడని చెప్పారు. అన్న అంతా విని, మర్యాదగా తల ఊపి, "ఎక్కడ ఆగకుంట నడవాలె అని అడిగిన. గా మాట నేనే అడిగిన అయ్యగారు," అన్నాడు. అయ్యగారు నిలబడిపోయారు. ఈసారి వెనక వరసలోంచి ఎవరూ ఏమీ అనలేదు.

కారు బ్యాటరీ తీగ విప్పి, దాని మీద టార్పాలిను కప్పేశాడు. మళ్లీ తియ్యలేదు. ఆయన ఒంట్లోనూ ఏదో అలాగే విప్పేసుకున్నట్టు రోజురోజుకూ తగ్గిపోయాడు. తినమంటే రెండు ముద్దలు తినేవాడు. నేను దడి మీదుగా కూర ఇస్తే తీసుకునేవాడు గానీ గిన్నె కడగకుండానే తిరిగొచ్చేది, కూర కూడా దాంట్లోనే ఉండేది.

చివరిసారి నేను పోయేసరికి వసారాలో మంచం మీద ఉన్నాడు. ఖాకీ చొక్కా జేబులో టెస్టరు లేదు. మనిషి సగమైపోయాడు. నేను పక్కన కూర్చుని, "అన్నా, ప్రార్థన చెయ్యనా?" అని అడిగాను.

"ఏమడుగుతవ్?" అన్నాడు.

"నీకు నెమ్మది ఇమ్మని అడుగుతా."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అంత నీరసంలోనూ గట్టిగా పట్టుకున్నాడు. నేను ఎన్నడూ ఆయన కళ్లలో భయం చూడలేదు, ఆ రోజు చూశాను.

"అడగకు చెల్లె. ఇస్తడు."

నేను అడగలేదు. పొద్దు వాలేదాకా ఊరికే కూర్చుని వచ్చాను. రెండు రోజులకు ఆయన పోయాడు.

ఆయన్ను వదిన పక్కనే పెట్టాం. అయ్యగారు ఆయన విశ్వాసంలోనే నిద్రించాడని అన్నారు. ఆమెన్ అన్నవాళ్లు అన్నారు, మట్టి వైపు చూసినవాళ్లు చూశారు. దేవుడు లేడని ఆయన ఒక్కనాడూ అనలేదని మాత్రం నేను చెప్పగలను. ఉన్నాడని, వింటాడని, అడిగినది అడిగినట్టే ఇస్తాడని మా అందరికన్నా గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకమే ఆయన్ను నోరు తెరవనివ్వలేదు. ఇలాంటి మనిషికి ఏ వాక్యం చూపించి ధైర్యం చెప్పాలో, ఇన్నేళ్లు పిల్లలకు వాక్యం నేర్పిన నాకు ఇంకా తోచలేదు.

చనిపోయినవారి కోసం ప్రార్థించకూడదని మా బోధ. నేనూ అదే నేర్పాను. కాబట్టి ఆయన కోసం అడగడం లేదు. అయితే ఆయనలాగే అడగడానికి భయపడి, ఇంకా ఊపిరితో ఉండి, ఏదో ఒక మందిరంలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లు ఉంటారు. ఇది చదువుతున్న మీరు వాళ్ల కోసం ఉన్నచోటే తల వంచి, నాతో కలిసి ఈ నాలుగు మాటలు పలకండి.

తండ్రీ, నోరు తెరవలేనివాళ్ల ఇంటికి పిలవకపోయినా రా. చేతుల్లో ఏమీ తేకుండా రా. వచ్చి పక్కన కూర్చో. ఆమెన్.